ఫ్యాన్స్ లేని సినిమాకి పుట్టినరోజు ఎవరు చేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సినిమా పేజీ చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. పేజీలో సగం ఇంకా షూటింగు కూడా పూర్తికాని ఒక సినిమాకే ఇచ్చేశారు. దాని గ్లింప్స్ ఫలానా రోజు వస్తుందని చెప్పే పోస్టర్ విడుదలైందట, అదీ వార్త. ప్రకటన ఎప్పుడొస్తుందో చెప్పే ప్రకటనకి నాలుగు కాలాల ఫొటో అన్నమాట. దాని కిందే ఒక హీరోగారి పాత ఫ్లాపు ఆయన పుట్టినరోజుకి 4కేలో మళ్లీ వస్తోందనీ, అది 'కల్ట్ క్లాసిక్' అనీ, అప్పట్లో జనానికి అర్థం కాలేదనీ ఇంకో ఐటమ్. అడుగున కలెక్షన్లు. అవి నిర్మాతలు పోస్టర్ మీద వేసుకున్న అంకెలే, మీవాళ్లు ఎక్కడా సరిచూసినట్టు లేదు. చిన్నప్పటి నుంచీ మీ పత్రికే చదువుతున్నాను కాబట్టి కాస్త చనువు తీసుకుని రాస్తున్నా, ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్లేదు, వేయండి చాలు.

నాకు హైప్ అంటే గిట్టదని మాత్రం అనుకోవద్దు. కొన్నేళ్లు ఒక జిల్లా కేంద్రంలో సినిమా హాలు బుకింగులో కూర్చున్నవాణ్ణి. పెద్ద హీరో సినిమా పడిన రోజు ఆ చిన్న కంతలోంచి ఒకేసారి నాలుగైదు చేతులు లోపలికి దూరేవి, ఏ చేతిలోది ఏ నోటో తెలిసేది కాదు, చిల్లర ఇచ్చేలోపే చెయ్యి మాయం. ఆ హడావుడే మాకు జీతాలిచ్చింది. మైకు కట్టిన రిక్షా మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి వీధీ తిరుగుతూ రంగు కాగితాలు విసిరేది, పిల్లలు వాటికోసం కొట్టుకునేవాళ్లు. ప్రచారం లేనిదే సినిమా లేదని నాకు తెలుసు. కాకపోతే ఆ రిక్షాకి డబ్బు కట్టేది డిస్ట్రిబ్యూటరని ఊళ్లో అందరికీ తెలుసు, మైకులో చెప్పిందల్లా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ రిక్షా మీ సినిమా పేజీలోకే వచ్చి కూర్చుంది, నా బాధ అదీ.

అదే హాల్లో అప్పుడప్పుడూ అవార్డు సినిమా ఒకటి పడేది. దానికి రిక్షా ఉండదు. బస్టాండు గోడ మీద ఒక పోస్టరు, హాలు ముందు ఒకటి. ఒక్క మార్నింగ్ షో ఇచ్చేవాళ్లం, మిగతా మూడు ఆటలూ మామూలు సినిమాకే. మూడో రోజు డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క, చూసి రీళ్ల బాక్సు వెనక్కి పంపేసేవాళ్లు, 'జనం రాలేదు' అని. పదకొండింటి ఆటకి పొలం పని, ఆఫీసు పని, ఇంటి పని మానుకుని ఎవరొస్తారు? ఆ మాట ఆనాడు డిస్ట్రిబ్యూటరూ అడగలేదు, మా ఓనరూ అడగలేదు, పేపరూ అడగలేదు. రాలేదంటే రాలేదు, అంతే, ఫైలు క్లోజ్.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ మధ్య తెలుగులో ఫ్లాపు సినిమాకి రెండో అవకాశం అనేది ఒకటి వచ్చింది, అది మంచిదే. 2010లో వచ్చిన 'ఆరెంజ్', 'ఖలేజా' రెండూ అప్పట్లో ఆడలేదు. రీ-రిలీజులో 'ఆరెంజ్'కి కుర్రాళ్లు పాటలన్నీ కోరస్‌గా పాడుతూ చూశారు, 2025లో 'ఖలేజా'కి హాళ్లు నిండాయి. అంటే మొదటి శుక్రవారం తీర్పే ఆఖరి తీర్పు కాదని జనమే ఒప్పుకున్నారు. మరి ఆ అప్పీలు చేసుకునే హక్కు హీరో ఉన్న ఫ్లాపుకే ఎందుకుండాలి? రీ-రిలీజు తేదీ ఎలా ఖరారవుతుందో చూడండి, హీరో పుట్టినరోజు, లేదంటే ఆయన కొత్త సినిమాకి ముందు వారం. హీరో లేని సినిమాకి పుట్టినరోజు లేదు, ఫ్యాన్స్ అసోసియేషన్ లేదు, ఫ్లెక్సీ కట్టేవాడు లేడు. కాబట్టి మీ పేజీలో చోటూ లేదు. అభిమానులకి లేని తూకం పత్రికకైనా ఉండాలి కదా.

'దాసి' సంగతే తీసుకోండి. 1988 నాటి సినిమా, బి. నర్సింగరావు తీశారు. ఒక్క సినిమాకి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, అర్చనకి ఉత్తమ నటి, ఎ.కె. బీర్‌కి ఛాయాగ్రహణం, తోట వైకుంఠానికి కళా దర్శకత్వం, సుదర్శన్‌కి దుస్తుల రూపకల్పన. అంతకు ముందు ఏడాదే అర్చనకి తమిళంలో 'వీడు' సినిమాకి ఇదే అవార్డు వచ్చింది. వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ నటి అనిపించుకున్న తెలుగమ్మాయి, ఆవిడ మీద మీ పత్రికలో పూర్తి పేజీ వ్యాసం నేనైతే ఎప్పుడూ చూడలేదు. ఏదైనా కొత్త సినిమాలో తల్లి వేషం వేస్తే 'సీనియర్ నటి అర్చన కీలక పాత్రలో' అని ఒక లైను.

ఆ సినిమా చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. తెలంగాణలో ఒక దొర గడీ, అందులో కమలాక్షి అనే దాసి. పొద్దున లేస్తే చాకిరీ, రాత్రయితే దొర పిలుపు, చుట్టాలొస్తే వాళ్ల దగ్గరికీ ఈమెనే పంపుతారు. మాటలు చాలా తక్కువ. మన సినిమాల్లో అన్యాయం జరిగితే మూడు పేజీల డైలాగు ఉండాలి, వెనక వయొలిన్లు ఏడవాలి. ఇక్కడ అవేవీ ఉండవు. కమలాక్షి బిందె ఎత్తుకోవడం, గిన్నెలు తోమడం, గుమ్మం పక్కన ఒదిగి నిలబడటం, కెమెరా అలా చూస్తూ ఉంటుంది అంతే. ఆమె కడుపుతో ఉందని తెలిశాక, తనకి పిల్లల్లేని దొరసాని, ఆ కడుపు ఉండటానికి వీల్లేదంటుంది. ఆ చివరి భాగంలో అర్చన మొహం చూసి కూడా మామూలుగా లేచి వెళ్లి భోజనం చేసే మనిషి ఉంటాడని నేను అనుకోను. నేను చూసింది దూరదర్శన్‌లో. అప్పట్లో ఆదివారం మధ్యాహ్నం వేరే వేరే భాషల అవార్డు సినిమాలు వేసేవాళ్లు, ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళకి. ఇంట్లో వాళ్లంతా నిద్రపోయారు, నేనొక్కణ్ణే చూశాను, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఇంకో మాట, వైకుంఠంగారు గీసే నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు ఇవాళ పెద్ద పెద్ద గ్యాలరీల్లో వేలాడుతున్నాయి, వాటి గురించి మీరే ఎన్నోసార్లు రాశారు. ఆయన చేతి పని సినిమాగా కూడా ఉందని ఒక్క వాక్యం కలిపితే ఏం పోయింది?

ఇక స్టార్లున్న సినిమా అయినా సరే, హడావుడికి ఒదగకపోతే దానికీ ఇదే గతి. అక్కినేని, ఆదుర్తి సుబ్బారావు కలిసి చక్రవర్తి చిత్ర అని సంస్థ పెట్టి 1968లో 'సుడిగుండాలు' తీశారు. ఏఎన్నార్ అంటే అప్పటికే ఆడపిల్లలు ఫొటోలు పుస్తకాల్లో దాచుకునే హీరో. ఈ సినిమాలో ఆయన పెళ్లాం పోయిన జడ్జి. ఉన్నది ఒక్క కొడుకు. ఏ లోటూ లేని ఇళ్లలో పుట్టిన ఇద్దరు కుర్రాళ్లు, పగా లేదు, డబ్బు కోసమూ కాదు, సరదా కోసం ఆ పిల్లాణ్ణి చంపుతారు. ఇక్కడి నుంచి మామూలు సినిమా అయితే తండ్రి కత్తి పట్టుకోవాలి. ఈయన నల్లకోటు వేసుకుని ఆ హంతకుల తరఫునే కోర్టులో నిలబడతాడు. వీళ్లని ఇలా తయారుచేసింది ఎవరు, ఇళ్లా, బళ్లా, చుట్టూ ఉన్న లోకమా అని అడుగుతాడు. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి నోట ఆ వాదన వినడం సులువు కాదు, ఒప్పుకోవడం అంతకన్నా కష్టం, నేనిప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. ఆ రోజుల్లో హీరో వేషం వేసే మనిషి ఆ పాత్రకి ఒప్పుకోవడమే పెద్ద సాహసం. జాతీయ అవార్డు వచ్చింది, డబ్బు రాలేదు. వెంటనే అదే జంట 'మరోప్రపంచం' కూడా తీసింది, అదీ పోయింది. (ఆ రెండోది నాకు ఉపన్యాసంలా అనిపిస్తుంది, అది వేరే సంగతి. పాతదల్లా బంగారమని నేననను.)

2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు దేశంలో చాలా ఊళ్లలో ఆయన సినిమాలు పది వేశారు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ', 'ప్రేమనగర్' లాంటివాటి మధ్య 'సుడిగుండాలు' కూడా పెట్టారు. ఎవరు ఎంపిక చేశారో కానీ దణ్ణం పెట్టాలి. ఆ వారం నేను చదివిన వ్యాసాలన్నిట్లోనూ మాత్రం దేవదాసు తాగడం, ప్రేమనగర్ పాటలు, మళ్లీ దేవదాసు తాగడం. యాభై ఆరేళ్ల తర్వాత ఒక సినిమా పెద్ద తెర మీదికి వస్తే దాని కథేంటో కూడా చెప్పలేదు. అక్కినేని పేరు లేకపోతే ఆ ఒక్క ఆటా దానికి దక్కేది కాదు, పేరుండీ పేపర్లో దక్కాల్సింది దక్కలేదు.

సావిత్రి గురించీ ఇదే చెప్పాలి. 2018లో 'మహానటి' వచ్చినప్పుడు ఆవిడ మీద పేపర్ల నిండా వ్యాసాలు, నాకూ సంతోషమే. కానీ అన్నిట్లోనూ శశిరేఖ, పార్వతి, మళ్లీ శశిరేఖ. 1960లో 'చివరకు మిగిలేది' అని ఆవిడ నర్సుగా వేసిన సినిమా ఉంది. మతి చెడిన రోగుల్ని ప్రేమగా నటించి బాగుచేసే పని ఆ నర్సుది, చివరికి ఆ నటన నటనగా మిగలక ఆవిడే మతి పోగొట్టుకుంటుంది. బెంగాలీలో సుచిత్రా సేన్ వేసిన పాత్ర అది. తర్వాత తొమ్మిదేళ్లకి హిందీలో 'ఖామోషీ'గా వహీదా రెహమాన్ చేస్తే ఇవాళ్టికీ దేశమంతా చెప్పుకుంటుంది. వహీదాగారు గొప్పగా చేశారు, కాదనను. అంతకు ముందే మన సావిత్రి చేసి చూపించిందని మన తెలుగు పేపర్లకే గుర్తులేకపోతే ముంబైవాళ్లని అని ఏం లాభం. ఎస్వీ రంగారావు అంటే ఘటోత్కచుడు, లేదంటే మాంత్రికుడు. బి.ఎన్. రెడ్డి తీసిన 'బంగారు పాప'లో ఆయనే ఒక పసిపిల్లని పెంచుతూ పెంచుతూ మనిషిగా మారే మొరటువాడు. 1955 నాటిది, వీలైతే చూడండి, ఎక్కువ చెప్పను. 'మాయాబజార్'కి ఇంక మన సాయం అక్కర్లేదు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పోల్‌లో దేశం మొత్తం మీద మొదటి స్థానం దానికే వచ్చింది, దానికి రంగులద్ది కూడా విడుదల చేశారు. ప్రతి మార్చి నెలాఖరుకీ మీరు అదే సినిమా మీద అవే నాలుగు విశేషాలు వేస్తున్నారు, ఒక్క ఏడాది ఆ జాగా వేరేవాళ్లకి ఇవ్వండి.

మీవాళ్లకి ఇంకో అలవాటుంది. ఏ కొత్త సినిమా విదేశంలో పడినా 'తెలుగు సినిమా తొలిసారి ప్రపంచ వేదికపై' అని పెట్టేస్తారు. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు మా వీధిలో టపాకాయలు కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను, అది నిజంగా తొలిసారే. మిగతావన్నీ కూడా తొలిసారేనా? 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో 'పాతాళభైరవి' ఆడింది. జకార్తా చిత్రోత్సవంలో 'నర్తనశాల'కి రంగారావుగారు ఉత్తమ నటుడు. 'శంకరాభరణం' ఫ్రాన్సు వెళ్లి బెజాన్సాన్‌లో ప్రేక్షకుల బహుమతి తెచ్చుకుంది. మృణాల్ సేన్ బెంగాల్ నుంచి వచ్చి, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ తీసుకుని, కర్ణాటక నుంచి వాసుదేవరావుని తెచ్చి తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. ఎంత కష్టపడ్డా లాభం దొరదే అయినప్పుడు పని చేయడమెందుకు అని కాళ్లు చాపుకుని కూర్చునే ముసలి వెంకయ్య, అతని కొడుకు, ఆ ఇంటికి కోడలిగా వచ్చి పని చేసీ చేసీ పురిట్లో చచ్చిపోయే అమ్మాయి. పాన్ ఇండియా సినిమా అంటే అదీ.

ఇవన్నీ జనం చూడరండీ, రాసి ఏం ప్రయోజనం అని మీ డెస్కులో ఎవరో ఒకరు అంటారని తెలుసు. 'మా భూమి'ని జనం చూడలేదా? దాన్ని తీసిన గౌతమ్ ఘోష్ తెలుగువాడు కాదు, హీరోగా వేసిన సాయిచంద్ అప్పటికి ఎవరికీ తెలియదు, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, ప్రచారానికి డబ్బెక్కడిది. అయినా ఊరూరా ఆడింది. బండి యాదగిరి పాట 'బండెనక బండి కట్టి'ని గద్దర్ తెర మీద పాడుతుంటే హాల్లో జనం లేచి నిలబడేవాళ్లని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2025లో ఆ గద్దర్ పేరు మీదే తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులిచ్చింది. మర్నాడు పేపర్లలో ఎవరు ఏ డిజైనర్ చీర కట్టుకొచ్చారో చూశాను, ఏ హీరో స్టేజీ మీద ఏ డైలాగు కొట్టాడో చదివాను. గద్దర్ కనిపించిన ఆ సినిమా ఊసు మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. మొన్నటి 'బలగం' చూడండి, 2023లో దాన్ని ఊళ్లలో పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టుకుని చూసి ఏడ్చారు. అది నోటిమాట బలం. నోటిమాటకి కనీసం రెండు వారాలైనా హాల్లో ఉండాలి. 2019లో వచ్చిన 'మల్లేశం'కి ఆ టైమే దొరకలేదు, చింతకింది మల్లేశం అనే చేనేత బిడ్డ వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, చీర నేతకి ముందు చేత్తో నూలు ఆసుపోసే పని చేసిపెట్టే ఆసు యంత్రం కనిపెట్టిన కథ అది, ఎంత బాగుంటుందో. మీవాళ్లు మంచి రివ్యూనే ఇచ్చి ఊరుకున్నారు. పెద్ద సినిమాకి విడుదలకి ముందు ఆర్నెల్లు రాసే పత్రిక, నచ్చిన చిన్న సినిమాకి విడుదలయ్యాక రెండు వారాలు రాయలేదా? రేటింగుల సంగతి ఎత్తను, 2.75కీ 3కీ మధ్య ఆ పావలా ఎక్కడ పడిపోతుందో నాకెప్పటికీ అర్థం కాదు.

2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. పత్రికలన్నీ చాలా బాధపడుతూ రాశాయి, వెర్రి అభిమానం తగ్గాలని. సంక్రాంతికల్లా మళ్లీ 'థియేటర్లలో పూనకాలే' మొదలు. దీని గురించి ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

పోనీ మేం రాస్తే జనం ఎక్కడ చూస్తారు అంటారా, అదీ నిజమైన సమస్యే. ఓటీటీల్లో ఈ సినిమాలు వెతికితే ఎక్కువ భాగం కనపడవు. యూట్యూబ్‌లో ఉన్నవాటికి ఒక మూల ఛానల్ లోగో, ఇంకో మూల సబ్‌స్క్రైబ్ గంట, రంగులు వెలిసిపోయి ఆకుపచ్చేదో పసుపేదో తెలియదు. ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చిన సినిమాని అలా చూడాల్సిన ఖర్మ మనది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్‌ల తొలి తెలుగు మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఎలాగూ పోయింది, మళ్లీ చూసే దారి లేదు. మిగిలినవాటి ప్రింట్లు పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఏవేవి ఉన్నాయి, ఏవేవి బాగుచేస్తున్నారు, హక్కులు ఎవరి దగ్గర చిక్కుకున్నాయి, రెండు ప్రభుత్వాలూ ఏమైనా చేస్తున్నాయా, ఇది విలేకరులు కనుక్కోవాల్సిన వార్త. మాలాంటివాళ్లు ఫోన్ చేస్తే ఎవరు చెబుతారు, మీ విలేకరి అడిగితే చెప్పక తప్పదు. హీరో కారు నంబరు కోసం రవాణా ఆఫీసు దాకా వెళ్లి వార్త తెచ్చిన మీవాళ్లకి పుణె ఒక దూరమా?

నేనడిగేది పెద్దదేమీ కాదు. ఆదివారం పేజీలో ఒక్క కాలమ్ ఇలాంటి సినిమాకి ఇవ్వండి. కథేంటి, ఎవరు తీశారు, అప్పట్లో ఏం జరిగింది, ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు, అంతే. 'మరపురాని మధురం' లాంటి పేరు పెట్టి కన్నీళ్లు కార్చొద్దు, బాగా లేకపోతే బాగాలేదనే రాయండి. నిర్మాత ఆఫీసు నుంచి వచ్చిన ఐటమ్ కింద 'చిత్ర బృందం పంపినది' అని వేయండి, కలెక్షన్ల అంకెల కింద కూడా. ఇంకా ఓపిక ఉంటే జిల్లా ఎడిషన్లలో ఫిల్మ్ సొసైటీలు ఎక్కడ ఏ సినిమా వేస్తున్నాయో, పెళ్లి ముహూర్తాల పక్కనైనా సరే, రెండు లైన్లు వేయండి.

తేదీ కావాలంటే నేనే ఇస్తాను. 2027కి 'ఒక ఊరి కథ'కి యాభై ఏళ్లు, దాశరథి రంగాచార్య నవల మీద తీసిన 'చిల్లర దేవుళ్లు'కి కూడా అదే ఏడాది యాభై. వీటికి కటౌట్లు కట్టేవాళ్లు రారు, మీ ఆఫీసుకి ప్రెస్ నోట్ పంపేవాళ్లూ లేరు. అందుకే ముందుగా చెబుతున్నాను, మీ డైరీలో రాసిపెట్టుకుని ఆ ఏడాది ఒక ఆదివారం సగం పేజీ అట్టే పెట్టండి. రాసేవాళ్లు దొరక్కపోతే నాకో కార్డు ముక్క రాయండి, డబ్బులేమీ వద్దు, రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
ఖమ్మం